స్టేటస్ శ్లోకానికి హైపో వ్యాఖ్య

మూలం:

ఫిల్మ్ మీద తీశాను. ఇంట్లోనే డెవలప్ చేశాను. నేనే స్కాన్ చేశాను. నో ఎడిట్స్.

అవతారిక: నలుపు తెలుపుల్లో ప్రకాశం బ్యారేజీ, దాని కింద పై నాలుగు వాక్యాలు. మొన్న మే నెలలో మా మేనల్లుడు తన వాట్సాప్ స్టేటస్‌గా వెలువరించిన గ్రంథం ఇంతే. ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే గ్రంథానికి వ్యాఖ్యానమేమిటని శంక పుట్టవచ్చు. తాటాకులకు చెదలు పడతాయనే కదా పూర్వులు త్వరపడ్డది. ఈ తాటాకుకు చెదలు మర్నాడే వస్తాయి కనుక నేను మరికాస్త త్వరపడ్డాను.

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర లేనిది పలకననీ ఒట్టు పెట్టుకుని కాళిదాస కావ్యాలకు సంజీవని రాశాడు. ఆయనకు దొరికింది కాళిదాసు కాబట్టి ఒట్టు నిలబడింది. నాకు దొరికిన మూలకారుడు చెప్పింది నాలుగు ముక్కలు, చెప్పకుండా మింగింది మహాభారతమంత. అందుచేత నా ఒట్టు వేరు. మూలంలో లేనిదే రాస్తాను. ఈ వ్యాఖ్యకు ‘హైపో’ అని నామకరణం. ఫిల్ములో పనికిరాకుండా మిగిలిపోయిన వెండి ఉప్పును కరిగించి, అసలు బొమ్మను మాత్రం నిలబెట్టే ద్రవ్యం అది. దాని గుణం జాన్ హెర్షెల్‌కు 1819లోనే తెలుసు. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైన 1839లో, మీకు కావలసింది ఇదే సుమా అని చేతికందించాడు. ఇరవై ఏళ్లపాటు జవాబు చేతిలో పెట్టుకుని ప్రశ్న కోసం ఎదురుచూసిన మహానుభావుడు. మూలకారుడు ప్రశ్న రాకముందే జవాబు స్టేటస్‌లో పెట్టే రకం.

ఇక అనుబంధ చతుష్టయం. విషయం: రీలు కడగడం. ప్రయోజనం: తన తరంలో తానొక్కడే ఇలాంటివాడన్న సంతోషం. సంబంధం: చెప్పుకుంటే సిగ్గుచేటు. అధికారి: డెవలపింగ్ ట్యాంకు, చేంజింగ్ బ్యాగు, థర్మామీటరు, అమ్మ అనే సాధన చతుష్టయం కలవాడు. ఈ నాలుగింటిలో నాలుగోది లేనివాడు బుద్ధిగా ల్యాబుకు పంపుకుంటాడు.

“ఫిల్మ్ మీద తీశాను.”

ఫిల్మ్ అంటే అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. చిక్కంతా ‘మీద’లో ఉంది. వైయాకరణులు ఆధారాన్ని మూడు విధాలన్నారు. చాప మీద మనిషి కూర్చున్నట్టు తాకి ఉంటే ఔపశ్లేషికం. మోక్షం మీద కోరిక ఉన్నట్టయితే వైషయికం. నువ్వుల్లో నూనె ఉన్నట్టు అంతటా నిండి ఉంటే అభివ్యాపకం. బ్యారేజీ బొమ్మ ఫిల్ము మీద ఎలా ఉంది? చాప మీద మనిషిలా కాదు. తీసిన రీలు బయటికి లాగి చూస్తే ఏమీ కనబడదు, చూసిన పాపానికి ఉన్నదీ పోతుంది. మూలకారుడి వరకు వైషయికమే, అంటే మోజు. శాస్త్రదృష్టిలో మాత్రం అభివ్యాపకం. జెలటిన్ పొరనిండా పరుచుకున్న వెండి హాలైడ్ స్ఫటికాల్లో, వెలుతురు సోకినచోట నాలుగైదు వెండి పరమాణువులు గుంపుకడతాయి. బొమ్మంటే అప్పటికి అదే, సూక్ష్మదర్శినికి కూడా అందనిది. డెవలపరు ఆ గుంపును ఆసరా చేసుకుని స్ఫటికం మొత్తాన్నీ వెండిగా మార్చేస్తుంది, అంటే ఇంచుమించు వంద కోట్ల రెట్లు. ఈ దాగిన బొమ్మను బయటికి రప్పించడం టాల్బాట్ 1840లో నేర్చాడు. అది ఎలా దాగుతుందో గర్నీ, మాట్ అనే ఇద్దరు 1938లో వివరించారు. నడుమ తొంభై ఎనిమిదేళ్లపాటు లోకం సుఖంగా ఫొటోలు దిగింది. తెలియకపోయినా పని జరుగుతుందనడానికి ఇది ప్రమాణం.

ఇక్కడ సాంఖ్యులకూ తార్కికులకూ పాత తగువు తిరగబెడుతుంది. కార్యం కారణంలో ముందే ఉంది, బయటపడడమే తరువాయి అంటాడు సాంఖ్యుడు. ముందు లేదు, కొత్తగా పుట్టింది అంటాడు తార్కికుడు. కడగని రీలులో బ్యారేజీ ఉందా, లేదా? ఉందంటే డెవలపరు ఖర్చు దండగ, లేదంటే కెమెరా ఖర్చు దండగ. నా పక్షం సాంఖ్యుడిదే. నువ్వుల్లో నూనె అన్న దృష్టాంతం కూడా ఆయనదే. కాకపోతే చిన్న సవరణ ఉంది. ఈ శాస్త్రంలో నూనెగింజ నువ్వు కాదు, ఆవ.

పాఠకులు దయచేసి కాస్త జరిగి చోటివ్వాలి. ఇది నాకు ఇష్టమైన చోటు.

ఫిల్ము పూతకు ఆధారం జెలటిన్. అది పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసేది. (మూలకారుడు తడి రీలు ఆరేసింది దేవుడి గది గుమ్మానికి. ఇల్లంతటిలో దుమ్ము తక్కువగా ఉండేది అక్కడేనట. జెలటిన్ పుట్టుక మా చెల్లెలికి నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి.) పోయిన శతాబ్దపు తొలినాళ్లలో ఫిల్ము తయారీదారులకు ఒక బెడద ఉండేది. వెండి అదే, ఉప్పు అదే, పాళ్లు అవే, కానీ ఒక విడత జెలటిన్‌తో పోసిన ఫిల్ము చురుగ్గా వెలుతురు పట్టేది, మరో విడతది మొద్దులా పడి ఉండేది. రోచెస్టరులోని కోడక్ పరిశోధనశాలలో శామ్యూల్ షెపర్డ్ దీని వెంట పడి 1925లో రహస్యం బయటపెట్టాడు. మంచి జెలటిన్‌లో గంధకం ఉన్న పదార్థాలు లేశమాత్రంగా ఉన్నాయి. అవి ఆవనూనె జాతివి. పశువులు మేసిన ఆవ మొక్కల నుంచి తోలులోకి, తోలు నుంచి జెలటిన్‌లోకి వచ్చాయి. ఆ గంధకం వెండి స్ఫటికం మీద సల్ఫైడు చుక్కలు పెడుతుంది. వెలుతురు తెచ్చిన వెండి పరమాణువులకు గుంపుకట్టేందుకు ఆ చుక్కలే రచ్చబండలు.

ఏ పొలం గట్టునో ఒక ఆవు తలవంచి ఆవమొక్క మేసింది. దాని పుణ్యాన సినిమాలు, పెళ్లి ఫొటోలు, ఎక్స్‌రేలు. ఆ తరువాత కోడక్ వారు గంధకాన్ని కొలిచి తామే కలపడం నేర్చుకున్నారు, ఆవుకు ఉద్యోగం పోయింది.

ఆవ సంగతి తెలుగువాడికి ఇంకొకరు చెప్పాలా? పొడి ఆవగింజను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాదు. ఘాటు దానిలో లేదు, ఘాటుకు కావలసినవి మాత్రం ఉన్నాయి. సినిగ్రిన్ అనే పదార్థం ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము మరో అరలో, మధ్య గోడ. గింజ దంచితే గోడ కూలుతుంది, తడి తగిలితే రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది షెపర్డ్ గారి ఆవనూనె. అందుకే ఆవకాయ కలిపిన పూట ముక్క చప్పగా ఉండి, మూడో రోజు జాడీలో చెయ్యిపెట్టి తిరగ కలిపేసరికి కళ్లవెంట నీళ్లు. ఉప్పు ముక్కలోని నీటిని లాగాలి, ఆ నీరు ఆవపిండిని తడపాలి, దానికి వ్యవధి కావాలి. అవే ఆవాలు తాలింపులో చిటపటలాడితే ఘాటు రాదు, వేడికి ఎంజైము చస్తుంది కనుక. చూశారా, దంచని ఆవగింజే కడగని రీలు. తడి తగిలేదాకా అవ్యక్తం, వేడి మితిమీరితే నాశనం. నూజివీడు రసాలకు పుల్లదనం పోక ముందే ఆవకాయ పెట్టెయ్యాలా, చిన్నరసాలే శ్రేష్ఠమా, ఆవపిండి కొత్తది వాడాలా, ఎండబెట్టి వాడాలా అన్న చర్చ కూడా ఇక్కడే తేల్చగలను, కానీ చెల్లెలు ఏడిపిస్తుంది.

ఏమిటి మాట్లాడుతున్నాం? ‘తీశాను.’ అవును. ఈ క్రియకు కర్త ‘నేను’ అని మూలకారుడి అభిప్రాయం. ఆవును కలపలేదు.

కెమెరా కూడా వాళ్ల నాన్నది. ముప్ఫై ఏళ్లపాటు బీరువాలో, కర్పూరం బిళ్లలతో, లెన్సుకు బూజు పట్టకుండా ఆయన కాపాడినది. దాని సంగతీ లేదు.

“ఇంట్లోనే డెవలప్ చేశాను.”

‘ఇంట్లోనే’ అన్నచోట ఏవకారం ఉంది. దానికి పెద్దలు మూడు పనులు చెప్పారు. శంఖం తెల్లనిదే అంటే శంఖాన్ని తెలుపు విడిచి ఉండదని అర్థం, ఇది అయోగవ్యవచ్ఛేదం. పార్థుడే విలుకాడు అంటే మరొకడు కాడని, ఇది అన్యయోగవ్యవచ్ఛేదం. నల్లకలువ ఉండనే ఉంటుంది అంటే అలాంటిదీ ఒకటి లేకపోలేదని, ఇది అత్యంతాయోగవ్యవచ్ఛేదం. నిజానికి ఇక్కడ పొసగేది మూడోది. ఇంట్లో కూడా రీలు కడుక్కోవచ్చు, అసంభవమేమీ కాదు. మూలకారుడు ఉద్దేశించింది రెండోది. బయట ల్యాబులో కడిగించుకునేవాళ్లు పార్థులు కారని. అతని తల్లికి మాత్రం మొదటిదే సత్యం. ఆ ఇంటిని ఆ పని విడవడం లేదు, బాత్‌రూంలో పుల్లటి వాసన పోవడం లేదు.

నా అసలు కోపం ఇక్కడ మొదలవుతుంది, గాంభీర్యం కాసేపు పక్కన పెడతాను.

రీలు కడగడం నేర్పే పుస్తకం ఏది తెరిచినా 20 డిగ్రీల సెల్సియస్ అని ఉంటుంది. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మును ఐడీ-11 అనే డెవలపరులో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. నీళ్లు వేడెక్కితే సమయం తగ్గించమని పక్కనే ఒక పటం ఇస్తారు. ఐదు నిమిషాలకంటే తగ్గితే మరకలు మరకలుగా తేలుతుందనీ వాళ్లే అంటారు. బాగుంది. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ల కింద చెయ్యి పెట్టి చూడండి. ఆ పటం మా నీళ్ల దాకా రాకముందే అయిపోతుంది. చల్లటి దేశంలో కుళాయి విప్పితే వచ్చే నీటిని ప్రకృతి నియమంలా అచ్చువేశారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల కుళాయి వాళ్లిష్టం. దాన్ని ఇక్కడ మంత్రంలా తిరిగి అప్పజెప్పే మన గురువుల మీదే నా ఫిర్యాదు. ‘ఇరవై, ఇరవై’ అంటారే గాని, ఆ ఇరవై ఎక్కణ్ణించి తేవాలో ఒక్కడూ చెప్పడు. అడిగితే ‘అనుభవం మీద తెలుస్తుంది’ అంటాడు. తెలిసేలోగా నాలుగు రీళ్లు తగలబడతాయి. ఇవాళ రీలు ధర సామాన్యం కాదు.

వేడి దేశాల సంగతి పాతకాలం వాళ్లకు తెలియక కాదు. కోడక్‌వారిదే డీకే-15 అనే ఉష్ణదేశపు డెవలపరు సూత్రం ఉంది. అందులో సోడియం సల్ఫేటు వేస్తారు, వేడినీళ్లలో జెలటిన్ ఉబ్బి ఊడిరాకుండా. మన గురువుల ఉపదేశంలో ఆ పాఠం లుప్తం. ఇంకో విచిత్రం వినండి. కలర్ ఫిల్ము కడిగే సీ-41 పద్ధతి, 1972 నాటిది, డెవలపరును 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉంచమంటుంది. చలిదేశాల వాళ్లు దానికోసం నీళ్లు కాచుకుంటూ, హీటర్లు కొనుక్కుంటూ అవస్థ పడతారు. మాకు అది మేడ మీద నుంచి ఉచితంగా దిగుతుంది. ఆ లెక్కన బెజవాడవాడు వేసవిలో రంగుల్లోనూ, సంక్రాంతికి నలుపు తెలుపుల్లోనూ తియ్యాలి. ఋతువును బట్టి రాగం ఉన్నట్టు ఋతువును బట్టి ఫిల్ము. ఇంత తేలిక సూత్రం ఒక్క గురువూ చెప్పగా వినలేదు. కలర్‌లో ఆత్మ తక్కువట.

మూలకారుడు మే నెలలో నలుపు తెలుపు తీశాడు. కనుక 20 డిగ్రీలు ఫ్రిజ్ నుంచి రావాలి. డెవలపరులో ఐసు నేరుగా వేస్తే పలచబడుతుంది కాబట్టి, టబ్బులో ఐసునీళ్లు పోసి సీసాలు అందులో నిలబెట్టాలి. డెవలపరుకు, హైపోకు, కడిగే నీళ్లకు అన్నిటికీ ఒకే చల్లదనం ఉండాలి. ఒకటి చల్లగా ఒకటి వేడిగా ఉంటే జెలటిన్ పొర ముడతలు పడుతుంది. అది ఎంత ఐసు? “అన్నయ్యా, మజ్జిగలో వేసుకుందామంటే ఒక్క ముక్క మిగల్లేదు. రెండు ఫ్లాట్ల వాళ్ల దగ్గర అడుక్కొచ్చాను” అంది మా చెల్లెలు. ‘డెవలప్ చేశాను’ అన్న ప్రథమపురుష రహిత వాక్యానికి ఇదీ అధ్యాహారం.

చేంజింగ్ బ్యాగు ఘట్టం క్లుప్తంగా. నల్లగుడ్డ సంచిలో రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చి, కనబడకుండా రీలును చక్రానికి ఎక్కించాలి. ఉక్కపోతకు సంచిలో చేతులు చెమర్చుతాయి, తడి తగిలిన ప్లాస్టిక్ చక్రం మీద ఫిల్ము సగంలో బిగుసుకుంటుంది. సినిమాల్లో ఈ పని ఎర్రబల్బు కింద చూపిస్తారు. అది ప్రమాదం. ఎర్రబల్బు ప్రింటు కాగితానికి. ఇప్పటి నలుపు తెలుపు ఫిల్ములకు ఎరుపు కూడా వెలుతురే, వాటికి కటిక చీకటి కావాలి. మూలకారుడు సంచితో కుస్తీ పడుతుంటే తలుపు బయట అమ్మ, “ఒరేయ్, ఫ్యాను వెయ్యనా?” అంటోంది. పాడైన రీలుతో ముందు వెలుగులో, తరువాత కళ్లు మూసుకుని ఎక్కించడం సాధన చెయ్యమని అతనికి చెప్పినవారు వేరే ఉన్నారు. ఆయన దగ్గరికే వస్తున్నాను.

మా వీధిలో ఒక స్టూడియో ఆయన ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. స్టూడియో ఉన్నచోట వాళ్లబ్బాయి జిరాక్స్ సెంటరు నడుపుతున్నాడు. ఆ రోజుల్లో పెళ్లిళ్ల సీజనులో తెల్లవార్లూ చీకటిగదిలో ట్రే ముందు నిలబడి, 120 రీలును రెండు చివర్లా పట్టుకుని, ఒక చెయ్యి పైకి ఒక చెయ్యి కిందికి డెవలపరులో ఆడిస్తూ, నోటితో అంకెలు లెక్కపెట్టేవారు. గోళ్లు గోధుమరంగుకు తిరిగి ఉండేవి. డెవలపరులోని మెటాల్ పడక వేళ్ల సందుల్లో దురదలు. ఎవరూ ఆయన్ని కళాకారుడనలేదు. ‘ఫొటోలు ఇంకా కడగలేదా’ అని అరిచేవారు, పెళ్లి ఆల్బం ఆలస్యమైతే బాకీ ఎగ్గొట్టేవారు. మా మేనల్లుడు ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెళ్లి, “తాతగారూ, నాకు ఈ ప్రాసెస్ అంటే ప్రాణం” అన్నాడట. ఆయన చక్రం చేతికిస్తూ, “మాకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు నాయనా” అన్నారట.

ట్యాంకు ఆడించే లయ గురించి మూలకారుడు నాతో గంటసేపు మాట్లాడాడు. నిమిషానికోసారి, పది సెకన్లలో నాలుగుసార్లు ట్యాంకు తలకిందులు చేసి, నేలకు మెల్లగా తట్టి బుడగలు వదిలించాలి. ఇంతే విషయం. దీనికి ‘ధ్యానం’ అని పేరు పెట్టాడు. తట్టిన చప్పుడుకు కింది ఫ్లాటు వాళ్లు పైకొచ్చారు.

పాఠాంతరం: ‘కాఫీలో డెవలప్ చేశాను’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. ఇదీ నిర్మూలం కాదు. ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సి కలిపితే ఫిల్ము కడుగుతుంది. పనిచేసేది కెఫీన్ కాదు, కెఫీయిక్ ఆమ్లం. కాఫీతో కడగవచ్చన్నది 1995లో రోచెస్టరులోనే విద్యార్థుల క్లాసులో తేలిన సంగతి. వాసన గురించి తాగినవారిని కాదు, కడిగినవారిని అడగండి. ఫిల్టర్ కాఫీ మీద గౌరవం ఉన్న ఇళ్లలో ఈ పాఠం గ్రాహ్యం కాదు.

“నేనే స్కాన్ చేశాను.”

ఇక్కడ ఏవకారం కర్తకే తగిలింది. స్కానరు ఎదురు ఫ్లాటు అబ్బాయిది, రాత్రి పదింటికి ఇచ్చి పొద్దున్నే ఆఫీసుకు కావాలన్నాడు.

ఆ రాత్రి జరిగినదంతా దుమ్ముతో యుద్ధం. ఫిల్ము ఆరేటప్పుడు ఫ్యాను వెయ్యకూడదు, వెయ్యకపోతే దోమలు తడి పూతకు అతుక్కుంటాయి. బోరునీళ్లలో కడిగితే తెల్లటి మచ్చలు ఆరిపోయి కూర్చుంటాయి. కడసారి ముంచడానికి ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు చాలని స్టూడియో ఆయన చెప్పారు. గురువుల పుస్తకంలో దీనికి ఖరీదైన పేరుంది. ఫిల్ము వంగి అద్దానికి తగిలితే ఇంద్రధనుస్సులాంటి వలయాలు పడతాయి. వాటికి న్యూటన్ పేరు పెట్టారు, ఆయన రీలు కడగకపోయినా. స్కానరులో దుమ్మును దానంతటదే చెరిపే మీట ఒకటుంది. పరారుణ కాంతి వేసి, అది ఆగినచోటల్లా దుమ్మని గుర్తిస్తుంది. కలర్ ఫిల్ము రంగులు ఆ కాంతిని దాటనిస్తాయి. నలుపు తెలుపులో ఉన్నది అచ్చమైన వెండి, అది ఆపేస్తుంది. ఆ మీట నొక్కితే యంత్రం బొమ్మనే దుమ్మనుకుంటుంది. ఒక్కొక్కసారి దానితో నేనూ ఏకీభవిస్తాను.

పూర్వపక్షం: డిజిటల్‌లో ఆత్మ లేదు, ఫిల్ములో ఉంది. (మూలకారుడి నోటి మాట, గ్రంథస్థం కాదు.)

సిద్ధాంతం: నాయనా, ఫిల్ములో ఉన్న ఆత్మను నువ్వు ఎదురింటి స్కానరు గాజు మీద బోర్లించావు. దాని పైన పాకిన దీపం, కింద వెలుతురును అంకెలుగా మార్చే సిలికాన్ గీత, అది డిజిటల్ కెమెరా కాక మరేమిటి? 24 మిల్లీమీటర్లకు 36 ఉన్న ఫ్రేమును 3200 డీపీఐలో తీస్తే కోటీ ముప్ఫై ఏడు లక్షల చుక్కలు. వాటిని వాట్సాప్ నలిపి పిడికెడు చేసింది. ఆ పిడికెడును మీ పెద్దమ్మ పగిలిన అద్దం ఫోనులో చూసి, ‘బ్యారేజీ దగ్గర వానా?’ అని అడిగింది. ఆత్మ ఇన్ని శరీరాలు మారి కూడా చెడలేదంటే ఒప్పుకుంటాను. అప్పుడు మొదటి శరీరమే ఫోను కెమెరా అయితే చెడుతుందని ఎలా అంటావు?

‘నేనే’ గురించి ఇంకొక్క మాట. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్లకోసం జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే దొరసాని. ఆయన స్టూడియోలు ఎందరో పనివాళ్లతో నడిచేవి. పలకల మీద పేరు ఆయనదే, కానీ అది వ్యాపారం పేరు. ‘నేనే కడిగాను’ అని రాజావారు ఎక్కడా రాసుకున్నట్టు నేను చూడలేదు.

“నో ఎడిట్స్.”

ఇది మ్లేచ్ఛపదం, నిషేధవాక్యం, గ్రంథం మొత్తానికి తలమానికం. మిగతా మూడు వాక్యాల్లో అర్ధసత్యాలు ఉన్నాయి. దీనిలో అదీ లేదు.

కడిగిన ఫిల్ములో బ్యారేజీ నల్లటి ఆకాశం కింద, తెల్లటి నీడలతో ఉంటుంది. దాన్ని తిప్పితేనే లోకం చూసే బొమ్మ. తిప్పడం మార్చడం కాదా? తిప్పేటప్పుడు ఏది పూర్తి నలుపు, ఏది పూర్తి తెలుపు అని ఎవరో ఒకరు నిర్ణయించాలి. నువ్వు నిర్ణయించకపోతే స్కానరు సాఫ్ట్‌వేరు రాసినవాడు నీ తరఫున నిర్ణయించి ఉంచాడు. నీ చెయ్యి పడలేదు కాబట్టి ఎవరి చెయ్యీ పడలేదనుకున్నావు. అంతకుముందు మాత్రం? డెవలపరులో అర నిమిషం ఎక్కువ ఉంచితే కాంట్రాస్టు పెరుగుతుంది, తక్కువ ఆడిస్తే మెత్తబడుతుంది. అవన్నీ దిద్దుబాట్లే, నీళ్లలో చేసినవి.

స్టూడియో ఆయన ఈ మాట వింటే నవ్వుతారు. ఆయన బల్లమీద సూదిలా చెక్కిన పెన్సిళ్లు వరసగా ఉండేవి. పెళ్లికూతురి కళ్లకింద నలుపు నెగటివ్‌లో పలచగా పడుతుంది. అక్కడ జిగురు పూసి, పెన్సిలు మొనతో చుక్కలు చుక్కలుగా నింపితే ప్రింటులో ఆ నలుపు పోతుంది. గోరంత ముఖం మీద, భూతద్దంలోంచి, ఊపిరి బిగబట్టి చేసేవారు. ‘టచింగ్’కు వేరే డబ్బులు. ఊళ్లో సగంమంది పెళ్లిచూపుల ఫొటోలు ఆ పెన్సిలు మొనమీద గట్టెక్కాయి. అరవై ఏళ్ల కిందట దిద్దడం విద్య. ఇవాళ దిద్దకపోవడం గొప్ప, అదీ దిద్దిన తరువాత.

కాబట్టి పూర్వపాఠం దుష్టం. ప్రతులు పరిశీలించి, సాక్షులను విచారించి నేను నిర్ణయించిన శుద్ధపాఠం ఇది:

‘నాన్న దాచిన కెమెరాతో మీట నొక్కాను. స్టూడియో తాతగారు చక్రం ఎక్కించడం నేర్పారు. అమ్మ మూడిళ్ల ఐసు తెచ్చింది. ట్యాంకు నేను ఆడించాను. ఎదురింటి స్కానరు తిప్పి చూపించింది. ఆకాశం కాస్త నల్లగా ఉండాలని నేనే పెంచాను.’

పాఠం పొడుగైందని మూలకారుడి ఆక్షేపణ. స్టేటస్‌లో పట్టదట. పట్టించుకోవచ్చు, ముందు ‘నో ఎడిట్స్’ తీసేస్తే కొంత చోటు దొరుకుతుంది.

అనుక్తం: మూలంలో పేరైనా ఎత్తని సంగతి ఒకటుంది, వ్యాఖ్యాతగా వదల్లేను. వాడేసిన హైపో ఏమైంది? కరిగిన వెండి అంతా అందులో ఉంది. పాత స్టూడియోల వాళ్లు దాన్ని వృథా పోనిచ్చేవారు కాదు, వెండి తీసుకునేవాళ్లు వచ్చి పట్టుకెళ్లేవారు. మూలకారుడు మొదటిసారి బాత్‌రూం తూములో పోశాడు. ఆ తూము కాలవలోకి, కాలవ ఎక్కడికో మీకు చెప్పనక్కర్లేదు, ఫొటోలో ఉంది. గిన్నెలు తోమే స్టీలుపీచు వేసి ఒకటి రెండు రోజులు ఉంచితే ఇనుము కరిగి వెండి నల్లటి మడ్డిగా కిందికి దిగుతుంది. పైతేట వంపి, మడ్డి దాచుకోవచ్చు. ఈ సంగతి చెప్పాక ఇప్పుడు దాస్తున్నాడు. దాయడం బాగానే ఉంది. దాచింది కూల్‌డ్రింకు సీసాలో, పెట్టింది వంటింటి గట్టు కింద, వెనిగరు సీసా పక్కన. డెవలపరు సీసా ఫ్రిజ్ తలుపులో, మజ్జిగ సీసా పక్కన. రెండింటి మీదా ఏమీ రాయలేదు. అమ్మకు తెలుసు కదా అంటాడు. పనిమనిషికి తెలియదు, ఎండనపడి ఇంటికొచ్చే నాకు తెలియదు. మూత మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఈ పూటే రాయాలి: విషం, తాగరాదు.